విత్తుల పాటకు ముప్పై ఒక్క శాతం

"ముప్పై ఒక్క శాతం. తిరస్కరించడమైనది," అంది యంత్రం.

మైకు ముందు కూర్చున్నది జోగమ్మ. కొంటేరు జాతి మొత్తంలో, విత్తనాలు చల్లేటప్పుడు పాడే విత్తుల పాట పూర్తిగా వచ్చినది ఆమె ఒక్కతెకే. అది పరాయివాళ్ళ చెవిన పడితే విత్తు మొలవదని వాళ్ళ నమ్మకం. డెబ్బై రెండేళ్ళుగా కాపాడుకున్న కట్టుబాటును ఈ ఆఫీసు గదిలో తెంచుకుని మరీ పాడింది. అయినా పరీక్ష తప్పింది.

2064లో వచ్చిన ఈ యంత్రం పేరు మూలదర్శిని. ప్రతి జాతి పాటలోనూ మాటల వరసకీ, ఊపిరి తీసుకునే చోటుకీ ఒక తీరు ఉంటుంది. యంత్రం ఆ తీరును డేటాబేస్‌లోని పాత రికార్డింగ్‌తో పోల్చి, పాడినవాళ్ళు నిజంగా ఆ జాతివాళ్ళేనా అని తేలుస్తుంది. డెబ్బై శాతం దాటితే సర్టిఫికెట్. సర్టిఫికెట్ ఉంటేనే కొండవాలు పట్టా. అడవిని కాపాడాలంటూ వాళ్ళను కొండ దించి, పిల్లల్ని హాస్టళ్ళలో వేసి, సొంత భాష మాట్లాడితే బెత్తం చూపించిన సర్కారే, ముప్పై ఏళ్ళ తర్వాత మీరు మీరేనని రుజువు తెమ్మంటోంది. సిగ్గు అనేది ఏ డేటాబేస్‌లోనూ ఎక్కించలేదు కాబోలు.

యంత్రాన్ని తయారుచేసిన డాక్టర్ వైదేహి మెత్తని మనిషి. "కంగారుపడకవ్వా. అసలు పాట ఇదీ, విను," అని 2019 నాటి రికార్డింగ్ పెట్టింది.

వింటూనే జోగమ్మ నవ్వింది. అంతలోనే ఆమె ముఖం పాలిపోయింది.

"ఇది మాయమ్మ గొంతు. అప్పుడో బట్టతల ఆఫీసరు మైకట్టుకొచ్చి విత్తుల పాట పాడమని పట్టుబట్టినాడమ్మా. పరాయోడి ముందు ఎలా పాడతాం? ఆడి బట్టతల మీదే ఓ పాట కట్టి పాడీసినాం. ఎనకాల నవ్వుతున్నది నానే."

వైదేహి రికార్డింగ్ ఆపింది. "రికార్డింగ్ మార్చాలంటే కమిటీ ఒప్పుకోవాలి. దానికి ఏళ్ళు పడుతుంది. పట్టాలకు గడువు శుక్రవారమే."

"మా ఇరవై రెండు కుటుంబాల మాటేటి మరి?"

వైదేహి తల దించుకుని ఆ రికార్డింగే మళ్ళీ పెట్టింది.

ఈసారి ఆ బట్టతల పాటే పాడిన జోగమ్మకు తొంభై నాలుగు శాతం వచ్చింది. ఆమె నేర్పితే కొండ కింది వాళ్ళ కాలనీ అంతా నేర్చుకుంది. పట్టాలొచ్చాయి, ఏటా పరీక్ష ఉంటుందన్న షరతుతో.

తొలకరికి సామలు చల్లడానికి అందరూ కొండవాలు ఎక్కారు. చుట్టుపక్కల పరాయి మనిషి లేడు. జోగమ్మ కళ్ళు తుడుచుకుని అసలు పాట ఎత్తుకుంది. రెండు చరణాలైనా కాకముందే మనవరాలు రత్నాలు ఆమె చెయ్యి పట్టుకుంది.

"తప్పు పాడతన్నావవ్వా. పిల్లలు ఇదే పట్టీసారంటే పై ఏడు పరీక్ష పోతాది. నేల లాగేసుకుంటారు."

ఆ మాటలో తప్పేమీ లేదు. అదే జోగమ్మను కుంగదీసింది. గుప్పెడు సామలు చల్లి, బట్టతల పాట అందుకుంది. హాస్టళ్ళలో పెరిగిన పిల్లలకు సొంత భాష రాదు. కళ్ళు మూసుకుని, చేతులు జోడించి, భక్తిగా గొంతు కలిపారు.