దేవకృప నొక్కని చోటు

"ఆదివారం చర్చిలో సంఘం ఎదుట నిలబడి తప్పు ఒప్పుకో. అప్పుడే రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకోవడానికి ప్రభుబల్ల దగ్గరికి రా. లేదంటే నీ చేతి అన్నం నేను ముట్టను." అత్తగారు మేబెల్ దేవకృపకు తెగేసి చెప్పింది.

ఆడపడుచు ప్రేమమణికి కడుపు నిలవలేదు. కార్ఖానా పేటలోని పుట్టింటికి విశ్రాంతికని వచ్చిన పిల్ల! దేవకృప నేర్చుకున్న ఆక్యుప్రెషర్ వల్లేనని ఆమె మీద పడ్డారందరూ. ప్రాణశక్తి ఒంట్లో కాలవల్లా పారుతుందనీ, ఆ దారులే మెరీడియన్లనీ, అడ్డుపడ్డ చోట నొక్కితే దారి తెరుచుకుంటుందనీ చైనా వైద్యం చెబుతుంది. వాంతులు తగ్గడానికి ప్రేమమణి చేతి లోపలివైపు, మణికట్టు ముడతకు మూడు వేళ్ల ఎడంలో, దేవకృప నొక్కిన మాట నిజమే. తలనొప్పికి బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ నొక్కమని ప్రేమమణి అడిగితే మాత్రం, కడుపుతో ఉన్నవాళ్లకు అక్కడ నొక్కకూడదని చెయ్యి వెనక్కి తీసుకుంది.

పిండమే సరిగా ఎదగలేదని, ఎవరి తప్పూ లేదని డాక్టరమ్మ చెప్పింది. ఎవరు విన్నారు? ఒక్క మాట అనేస్తే అమ్మ మనసు కుదుటపడుతుంది కదా అన్నాడు భర్త ప్రభుదాస్. కానీ చెయ్యని తప్పు ఒప్పుకుంటే, ఇక బతుకంతా తన చేతుల్ని తనే అనుమానించాలి. అది దేవకృపకు తెలుసు.

శనివారం ప్రేమమణి ఆమెను మంచం దగ్గరికి పిలిచింది.

"తలనొప్పికి నువ్వు వద్దన్న చోటే అమ్మతో నొక్కించుకున్నా వదినా. నిన్ను చూసి నేర్చుకున్నాలే అంది. ఇప్పుడు ఎవరికీ చెప్పొద్దంటోంది..."

దేవకృపకు ముందు ఒళ్లు మండింది. తర్వాత అత్తగారి అరుపుల వెనకున్న భయం కనిపించింది. తన వేళ్లను తను చూసుకోలేక, ఆవిడ కోడలి వేళ్లను చూపిస్తోంది.

విషయం తనకు తెలిసిందని దేవకృప అనగానే మేబెల్ చేతులు కొంగులో దాచుకుంది. "సంఘంలో చెప్పేస్తావా?"

"చెప్పను అత్తయ్యా. మీ మీద వెయ్యను, నా మీద వేసుకోను. ఒప్పుకోవడానికి ఇందులో తప్పే లేదు. ఉన్నది దుఃఖం... ఏడవండి."

మేబెల్ వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆదివారం, ఒప్పుకోలు ఉన్నవాళ్లు లేవండి అన్నారు పాస్టరుగారు. ప్రభుదాస్ మోచేత్తో పొడిచాడు. దేవకృప కదల్లేదు. బల్లకు పిలిచినప్పుడు మాత్రం తల ఎత్తుకుని లేచింది. వరస చివర కూర్చున్న పక్కింటి రోసమ్మ, ఒప్పుకోకుండానే వెళ్తావా అన్నట్టు కాళ్లు అడ్డం పెట్టింది.

వెనకనుంచి మేబెల్ గొంతు వినిపించింది.

"జరుగు రోసమ్మా. నేనూ, నా కోడలూ వెళ్లాలి."