తవుడుకు అమ్మిన బిడ్డ

సాయంత్రం ఆరు దాటింది. పలమనేరులో పొద్దుటి నుంచీ తుంపరగా పడుతున్న వాన, దీపాలు పెట్టే వేళకు జోరందుకుంది. పంకజాక్షి ఆవులకు దాణా వేసి, చేతులు కడుక్కుని లోపలికి వచ్చింది. కోడలు పవిత్ర కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. పెళ్లయి ఇంకా ఏడాది కాలేదు. అప్పుడే పాల వ్యాపారం లెక్కలన్నీ నెత్తిన వేసుకుంది.

నిరుడు పోయిన మామ దేవరాజులు తన ఫోన్‌లోని ఏఐ సహాయకుడికి అన్నీ చెప్పుకునేవాడు. ఎవరి ఆవు ఎప్పుడు ఈనింది, ఎవరికి ఎవరు ఏమవుతారు, ఎవరిల్లు ఏ సందులో. ఆ జ్ఞాపకాల ఫైళ్లు దాచి ఉన్నాయి. వాటిని పవిత్ర ఇప్పుడు కొత్త సహాయకుడిలోకి ఎక్కిస్తోంది. తెర మీద పేర్లు చుక్కల్లా లేస్తున్నాయి. చుక్కకూ చుక్కకూ మధ్య గీత. గీత మీద చుట్టరికం.

"అత్తా, ఇది చూడండి! మామ ఏం చెప్పినాడో. మీ కొడుకు పక్కింటి తాయమ్మ కొడుకంట!" పవిత్ర పకపకా నవ్వింది. "అయితే నేను ఇన్నాళ్లూ తప్పింట్లో కాపురం చేస్తా ఉండానా?"

పంకజాక్షి నవ్వలేదు.

"నువ్వేం చేసినావు పాపా?"

"దిద్దేసినా. మునిశేఖర్, పంకజాక్షి కొడుకు అని."

పంకజాక్షి తొలిచూలు బిడ్డ ఢిల్లీబాబును, అయిదేళ్లవాణ్ని, ఇలాంటి వానలోనే మొగిలి ఘాట్ కింద వంక పొంగి లాక్కుపోయింది. తర్వాత పుట్టిన మునిశేఖర్‌నూ ఆ వంక అడుగుతుందేమోనని, పరాయి బిడ్డ అనుకుని వదిలేసేలా, చాటెడు తవుడు తీసుకుని తాయమ్మకు అమ్మేశారు. పెంచింది ఇక్కడే. కానీ అడిగినవాళ్లకు మాత్రం ఎన్నడూ మా బిడ్డ అనలేదు. దేవరాజులు మిషనుకు కూడా నిజం చెప్పకుండానే పోయాడు.

అప్పుడు కంప్యూటర్ మాట్లాడింది. ఎప్పటి ఆడగొంతే. నెమ్మదిగా.

"ఢిల్లీబాబుకు తమ్ముడు ఉన్నాడని ఇప్పుడే తెలిసింది."

"నేనేం అడగలేదే..." అంది పవిత్ర.

తెర మీద ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకు గీత సాగింది. దానంతట అదే. గదిలో వాసన మారింది. బురద నీళ్లు. కుళ్లిన ఆకు.

"తమ్ముడు ఇప్పుడు ఎక్కడ?"

అలవాటు చొప్పున పవిత్ర నోరు తెరిచింది. పంకజాక్షి ఆ నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

అంతలో ఫోన్. మునిశేఖరే. చిత్తూరులో పాలు దించి, ఖాళీ క్యాన్లతో తిరిగొస్తున్నాడు.

"మా, మొగిలి ఘాట్‌లో ఉండా. ఈడెవడో పిల్లోడు వానలో నిలబడి చెయ్యి ఊపతా ఉండాడు. పాపం, ఎక్కించుకుని..."

"ఆపొద్దురా! ఆపొద్దు..."

ఫోన్ కట్టయింది. మళ్లీ చేస్తే మోగలేదు.

పవిత్ర ఏడుపు మొదలుపెట్టింది. పంకజాక్షి పెరటి గోడ దగ్గరికి పరుగెత్తింది.

"తాయమ్మక్కా!"

"ఏందిమే, కొంప మునిగినట్టు?" తాయమ్మ నెత్తిన సంచి కప్పుకుని వచ్చింది.

"నీ కొడుకు ఆపదలో ఉండాడక్కా."

ఆ మాటతోనే తాయమ్మకు అర్థమైంది. వెనక్కి పోయి చాటెడు తవుడు తెచ్చింది, తడవకుండా కొంగు కప్పి. "యేసయ్యా" అనుకుంటూ గడప దాటింది. "పట్టుమే ఒడి. ఇదో, రెండోసారి కొంటా ఉండా. మళ్లీ మాట మార్చితే ఊరుకోను."

తవుడు ఒడిలో పడింది.

పవిత్ర తల్లి పేరు మళ్లీ తాయమ్మ అని మార్చింది. గీత చెరగలేదు.

"ఈ మార్పుకు ఆధారం ఏమిటి?" అని అడిగింది కంప్యూటర్.

పంకజాక్షి తెర ముందుకు వంగింది.

"ఆధారం నేనే. కన్నదాన్నీ నేనే, అమ్ముకున్నదాన్నీ నేనే. వాడు తాయమ్మ కొడుకు. నాకు కొడుకు ఒక్కడే. ఏం చేసుకుంటావో చేసుకో."

వాన చప్పుడు.

తర్వాత, గుసగుసగా... ఆ ఆడగొంతు కాదు.

"మా?"

తాయమ్మ చాట కింద పడేసింది. పంకజాక్షి మాత్రం కదల్లేదు. ఆ గొంతు విని ముప్పై ఏళ్లయింది.

"నీకు తమ్ముడు లేడు నాయినా," అంది. "నువ్వొక్కడివే. ఈడికి రాబాకు."

గీత సన్నబడింది... ఇంకా సన్నబడింది... పోయింది.

ఏడు దాటాక వీధిలో వ్యాను దీపాలు కనబడ్డాయి. మునిశేఖర్ దిగి, తలుపుకు తాళం వేసి, తల తుడుచుకుంటూ వచ్చాడు.

"ఆపినావా?"

"లేదు మా. నువ్వట్లా అరిస్తే ఎట్లా ఆపుతా? ఒక్కణ్నే వచ్చేసినా."

"మా అని నన్ను పిలువు," అని తాయమ్మ వాడి చెయ్యి పట్టుకుంది. "ఈ పొద్దు బువ్వ నా ఇంట్లో. రెండు చాటల తవుడు పోసి కొన్నా నిన్ను. దుడ్డుకు కొన్నా ఇంత అయ్యేది కాదు."

వాడికి ఏమీ అర్థం కాలేదు. పవిత్ర ఏడుస్తూనే నవ్వింది. ముగ్గురూ పక్కింటికి నడిచారు.

గేటు వేస్తూ పంకజాక్షి లెక్క పెట్టుకుంది. పవిత్ర. తాయమ్మక్క. మునిశేఖర్. అందరూ చేరారు.

అప్పుడు వ్యాను అద్దంలోంచి లోపలికి చూపు పోయింది. డ్రైవర్ పక్క సీటు ఖాళీ. కానీ ఆ సీటు బెల్టు పెట్టి ఉంది. బిగుతుగా.

ఆమె అక్కడే నిలబడింది.

"ముగ్గురే," అని పైకే అంది. గట్టిగా. "ఈ పొద్దు బువ్వకు చేరింది ముగ్గురే."

వెనక్కి తిరిగింది. నాలుగడుగులు వేసిందో లేదో, తాళం వేసిన వ్యానులో...

టక్ మని బెల్టు ఊడిన చప్పుడు.