తాళం పడని ట్రక్కు

పొద్దున్నే మెట్లు దిగిన డార్సీ అరికాళ్లకి చల్లగా తగిలింది. వీధి తలుపు మళ్లీ ఓరగా తెరిచి ఉంది. గుమ్మం లోపల పరిచిన పట్టా మీద మంచు, ఎవరో పంచదార డబ్బా ఒలకబోసినట్టు పడి ఉంది. విన్నిపెగ్ ఊరి జనవరి చలి అడక్కుండా లోపలికొచ్చి సోఫాలో కాళ్లు చాపుకుని కూర్చుందన్నమాట.

వంటింట్లో అత్తగారు వెర్నా పెనం మీద బ్యానాక్ రొట్టె తిరగేస్తోంది. కాళ్లకి ఎప్పటిలాగే మోకాళ్ల దాకా తోలు బూట్లు. వాటి మీద నీలం పూసలతో ఆవిడ స్వయంగా కుట్టుకున్న పువ్వులు. నిద్రలో తప్ప వాటిని విప్పగా డార్సీ చూడలేదు.

"అత్తయ్యా, తలుపు..."

"నేనే తీశాను నాయనా. రాత్రంతా వేసే ఉంది, పాపం."

ఆ 'పాపం' తలుపు మీద జాలో, తలుపు వేసినవాళ్లకి చుట్టుకునేదో డార్సీ తేల్చుకునేలోపే పైనుంచి భార్య రోండా దిగింది. మెట్ల మీదే మొదలుపెట్టింది.

"అమ్మా! మళ్లీనా? పోయిన నెల ఎవడో తిన్నగా నడిచొచ్చి నా లాప్‌టాప్, కొత్త పార్కా కోటు ఎత్తుకుపోయాడు. మర్చిపోయావా?"

"పార్కా పట్టుకెళ్లాడంటే వాడికి చలేస్తోందనేగా."

"లాప్‌టాప్ కూడా కప్పుకుంటాడా? నువ్వప్పుడు పక్క గదిలో నిద్రపోతున్నావమ్మా. వాడు నీ గదిలోకి వచ్చి ఉంటే?"

"టీ పెట్టిచ్చేదాన్ని."

డార్సీకి నవ్వొచ్చింది. రోండా కళ్లు చూసి దాన్ని రొట్టెముక్కతో పాటు మింగేశాడు.

మామగారు పోయాక, మోకాలి ఆపరేషన్ కూడా అయ్యాక, వెర్నాని చర్చిల్ అనే ఊరి నుంచి ఇక్కడికి తెచ్చుకున్నారు. మనిషి వచ్చింది గానీ ఆవిడ అలవాట్లు మాత్రం ఉత్తరాన ఆ సముద్రం ఒడ్డునే ఉండిపోయాయి. అక్కడ తెల్ల ఎలుగుబంట్లు వీధుల్లోకి వస్తాయి. అందుకని ఎవరూ ఇంటికి తాళం వెయ్యరు, కారుకీ వెయ్యరు. ఎలుగు ఎదురైతే మనిషి చేతికందిన తలుపు లాక్కుని దూరిపోవాలి. అది ఎవరి ఇల్లో, ఎవరి కారో తర్వాత చూసుకోవచ్చు.

"ఇక్కడ ఎలుగుబంట్లు జూలో ఉన్నాయమ్మా, అద్దం వెనకాల," అంది రోండా.

"మరి మీరంతా ఎవర్ని చూసి తలుపులేసుకుంటున్నారే?"

రోండా ఫోన్లో ఒక బొమ్మ చూపించింది. నంబర్లు నొక్కే ఎలక్ట్రానిక్ తాళం. తలుపు మూయగానే తనంతట తనే గడియ వేసుకుంటుంది. ఎవరు తీసినా ఫోన్‌కి కబురంపుతుంది.

"గడియ గడియకీ గడియ వేసుకుంటుందన్నమాట," అన్నాడు డార్సీ. "దానికి బ్యాటరీలుంటాయి కదే? ఈ చలికి నా బస్సు ఇంజనే మూలుగుతుంది, బ్యాటరీ బతుకుతుందా? మామూలు ఇనప తాళం పెట్టుకుందాం. తాళానికి చెవుంటుంది. మనం చెప్పింది వింటుంది."

"నీ ట్రక్కు తాళం విందా మరి? పోయిన చలికాలం చెవి అందులోనే విరిగింది. ఇప్పటిదాకా బాగు చేయించావా? వెనక సందులో తాళం లేకుండా పడి ఉంది."

"దొంగ కూడా దాన్ని చూసి జాలిపడి వెళ్లిపోతాడు."

"ఆ జోకు పోయిన వారమే అయిపోయింది. ముందు తాళం సంగతి చూడు."

ఆ కాపురంలో రాగం ఎప్పుడూ రోండాదే. డార్సీ తాళం వేయడమే గానీ పల్లవి ఎత్తుకున్న రోజు లేదు. శనివారం కొత్త తాళం తలుపెక్కింది.

ముందు వేలిముద్రతో తెరుచుకునేలా పెడదామన్నారు. వెర్నా వేలు పెట్టిన ప్రతిసారీ అది కీచుమంది. ఏళ్ల తరబడి ఉప్పునీళ్లలో చేపలు కోసిన వేళ్లవి, గీతలు ఎప్పుడో అరిగిపోయాయి.

"నేనెవరో దీనికి తెలియడం లేదే," అంది వెర్నా వేళ్ల వంక చూసుకుంటూ.

"అది ఉత్త యంత్రమమ్మా. నంబరు నేర్పిస్తాలే."

నేర్పించింది. వెర్నా రోజూ గుమ్మంలో నిలబడి అంకెలు నొక్కడం సాధన చేసింది. తప్పు నొక్కితే కీచు. "తప్పులు పట్టడంలో అచ్చం మీ నాన్నే," అని దానికి ఆయన పేరే పెట్టింది. వారం తిరిగేసరికి చూడకుండా నొక్కేస్తోంది. రోండా తల్లిని కావలించుకుని మరీ మెచ్చుకుంది.

తాళంతో పాటు మామూలు చెవులు కూడా వచ్చాయి, అత్యవసరానికని. డార్సీ వాటిని చేత్తో ఆడిస్తూ, "ఒకటి అత్తయ్య దగ్గర ఉంచుదామా?" అన్నాడు.

"నంబరు వచ్చుగా అమ్మకి. మళ్లీ తికమక పెట్టకు."

చెవులు రెండూ వంటింటి గోడ మేకుకి వేలాడాయి. ఇంటి లోపల.

ఒక మంగళవారం డార్సీ బస్సు నడుపుతుంటే జేబులో ఫోన్ గుర్రుమంది. మళ్లీ గుర్రుమంది. డ్రైవరు ఫోన్ ముట్టుకోకూడదు. ఆఖరి స్టాపు చేరి, జనం దిగాక తీసి చూశాడు. రోండా ఒక వీడియో పంపింది. ఆవిడ పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్లో పనిచేస్తుంది. ఖాళీ దొరికినప్పుడల్లా వీధివాళ్ల గ్రూపు చూస్తుంటుంది.

"చూశావా? మన వీధే! ఎవరో ముసల్ది ఇళ్ల తలుపులు, కార్ల తలుపులు లాగి చూస్తోంది. ఇనప తాళం చాలన్నావుగా నువ్వు!"

ఎవరి ఇంటి గుమ్మం కెమెరాలోనో పై నుంచి పడిన బొమ్మ. నెరిసిన జుట్టు. కోటు లేదు, పల్చటి స్వెట్టరు. ఆ మనిషి ఒక కారు దగ్గర ఆగి తలుపు లాగింది. రాలేదు. ఇంకో కారు. అదీ రాలేదు. కింద వీధివాళ్లు రాసిన మాటలు వరసగా ఉన్నాయి. పోలీసులకి చెప్పేశామని ఒకరు. పగటిపూటే తెగించారని ఒకరు. వాటి మధ్యలో రోండా పేరు, "అందరూ జాగ్రత్త, తలుపులు చూసుకోండి" అని.

ఆ మనిషి మూడో కారు వైపు తిరిగింది. మోకాళ్ల దాకా బూట్లు. వాటి మీద నీలం పువ్వులు.

డార్సీ చేతిలో ఫోన్ మోగింది.

"డార్సీ..." రోండా గొంతు ఎక్కడినుంచో వస్తున్నట్టుంది. "ఆ బూట్లు..."

"చూశాను. పోలీసులకి ఫోన్ చెయ్యి."

"చేశారుగా. ఎందుకు చేశారో చదివావుగా. డార్సీ, నేను దాన్ని అందరికీ పంపాను. మా అమ్మని నేనే..."

"ఇంటికి బయల్దేరు. నేనొస్తున్నా."

వస్తున్నానన్నాడు గానీ ఎలా వస్తాడు? తిరుగు ప్రయాణానికి జనం ఎక్కి కూర్చుంటున్నారు. డిపోకి ఫోన్ చేస్తే, ఇంకో డ్రైవర్ని పంపుతాం, అందాకా బస్సు వదలొద్దన్నారు. అంత పెద్ద బండి, ఇంజను నడుస్తోంది, చక్రం చేతిలో ఉంది. ఒక్క అడుగు కదలడానికి లేదు. ఎవరో ముసలాయన టికెట్టు చూపించి "ఏంటయ్యా, బయల్దేరవా? చలికి చస్తున్నాం," అన్నాడు. డార్సీ హీటరు పెంచాడు. జీవితంలో మొదటిసారి జోకు తోచలేదు.

ఇంకో డ్రైవరు వచ్చాక ఆయన ఇల్లు చేరేసరికి రోండా గుమ్మంలో నిలబడి తాళం మీద వేళ్లతో పొడుస్తోంది. అంకెలు వెలగడం లేదు. చలికి బ్యాటరీ అయిపోయింది. పోతూపోతూ ఆఖరి ఊపిరితో గడియ మాత్రం బిగించి పోయింది. మెట్ల పక్కన చెత్తడబ్బా పడి ఉంది. దాన్ని లోపలికి తెద్దామని బయటికొచ్చింది వెర్నా. అంతే.

వీధి చివర పోలీసు కారు తిరుగుతోంది. మంచులో ఆ బూట్ల జాడ ఒక్కో ఇంటి మెట్ల దాకా వెళ్లి వెనక్కొచ్చింది. ఏ ఇంటినీ వదల్లేదు. డార్సీ ఆ జాడ పట్టుకుని పరిగెత్తాడు. అది వీధి చుట్టి, మలుపు తిరిగి, వెనక సందులోకి పోయింది.

తన ట్రక్కు అద్దాలు లోపలినుంచి తెల్లగా గడ్డకట్టి ఉన్నాయి. లోపల ఎవరో ఊపిరి తీస్తున్నారు.

తలుపు లాగాడు. వచ్చేసింది. ట్రక్కులో పడి ఉన్న పాత దుప్పటి మెడదాకా కప్పుకుని, చేతులు చంకల్లో పెట్టుకుని, వెర్నా కూర్చుని ఉంది.

"ఒకటైనా తెరిచి ఉంటుందనుకున్నా నాయనా," అంది, పెదాలు సరిగ్గా కదలక. "నువ్వు వదిలావు. ఎంత మంచివాడివి."

బద్ధకం అత్తయ్యా, మంచితనం కాదు అని చెప్పాలనుకున్నాడు. కోటు విప్పి ఆవిడకి చుట్టి ఎత్తుకున్నాడు. రోండా ఎదురొచ్చి తల్లి కాళ్లు పట్టుకుంది. ముగ్గురూ తమ ఇంట్లోకి తాము కిటికీ అద్దం పగలగొట్టుకుని వెళ్లారు.

అంబులెన్సు వాళ్లు వచ్చి చూశారు. పాదాలకి ఏమీ కాలేదు, బూట్లు కాపాడాయి. రెండు వేళ్ల కొసలు తెల్లబడ్డాయి, కట్టు కట్టారు. స్పర్శ వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేమన్నారు. వాళ్లు వెళ్లిపోయాక వంటింట్లో టీ మరిగింది. కిటికీకి డార్సీ బిగించిన అట్టముక్క గాలికి టపటపలాడుతోంది.

"నువ్వెందుకు గట్టిగా చెప్పలేదు?" రోండా ఒక్కసారిగా భర్త మీద పడింది. "చలికి బ్యాటరీ చస్తుందని నీకు తెలుసు! జోకు వేసి ఊరుకున్నావు! ప్రతిదానికీ ఒక జోకు!"

"నేను చెప్తే నువ్వు విన్నావా?"

"విననా? అరిచి చెప్పొచ్చుగా? చెవి ఒకటి అమ్మ మెడలో వేయొచ్చుగా?" అంటూనే కుర్చీలో కూలబడింది. "నీది కాదు. నాదే. బ్యాటరీ తగ్గుతోందని పొద్దున్నే నా ఫోన్‌కి చెప్పింది. పనిలో ఉండి పక్కకి తోసేశాను."

వెర్నా కట్టు కట్టిన వేళ్లు కప్పుకి దూరంగా పట్టుకుని, మిగిలినవాటితో టీ తాగుతోంది.

"ఆ ఎర్ర ఇంట్లో మనుషులున్నారే," అంది నెమ్మదిగా. "తలుపు కొడితే బెల్లు దగ్గర గోడ మాట్లాడింది. ఏం కావాలంది. లోపలికి రావాలన్నాను. ఎవరి కోసం అంది. ఎవరి కోసమేంటి? చలేస్తోందన్నాను. వెళ్లిపోమంది. ఇంకెవర్నీ అడగబుద్ధి కాలేదు. తలుపులు లాగి చూసుకుంటూ పోయాను."

రోండా తల వంచుకుంది.

"అమ్మా, మిసెస్ ఓమన్ గుర్తుందా?"

"ఎందుకు లేదు? ఆవిడకీ నాకూ మాటల్లేవు."

"నన్ను బడినుంచి తీసుకొస్తున్నావు. మీ ఇద్దరికీ మాటల్లేవు. ఎలుగు సందులోంచి వచ్చింది. నువ్వు నన్ను చంకనేసుకుని ఆవిడ తలుపు తోసుకుని లోపలపడ్డావు. ఆవిడ ఒక్క మాట అడగలేదు. నాకు జామ్ పెట్టింది." రోండా తల్లి బూట్ల వైపు చూసింది. "ఇక్కడ ఆఫీసులో అందరికీ ఆ కథ నవ్వుతూ చెప్తాను. ఇవాళ నువ్వు తలుపులు లాగుతుంటే చూసి... దొంగనుకున్నానమ్మా. నిన్ను. జాగ్రత్తగా ఉండమని లోకానికంతా చెప్పాను."

"నన్ను గుర్తుపట్టలేదా?"

"లేదు."

వెర్నా కప్పు కింద పెట్టింది. తర్వాత బాగున్న చేత్తో కూతురి తల దగ్గరికి లాక్కుంది.

"తలుపు వేసేయవే," అంది. "ఇప్పుడర్థమైంది. మీకు భయం ఉంది. నాకూ ఇవాళ పట్టుకుంది. వేసేయ్."

అప్పుడు ఏడ్చింది రోండా, చిన్నపిల్లలా, ముక్కు కారుతూ. తల్లి తలుపు తెరిస్తే రోజూ గొడవపడిన మనిషి, వేసేయమంటే తట్టుకోలేకపోయింది. డార్సీకి ఏం చెయ్యాలో తెలియక ఇద్దరి కప్పుల్లోనూ టీ నింపాడు. నిండాక ఇంకా పోస్తూనే ఉన్నాడు.

మర్నాడు నంబర్ల తాళం దిగింది, ఇనప తాళం ఎక్కింది. చర్చిల్‌లో చేతితొడుగులు పోకుండా మెడలో వేసుకునే ఉన్ని తాడు ఒకటి వెర్నా పెట్టెలో ఉంటే, రోండా దాని కొసకి చెవి కుట్టింది. ఊడుతుందేమోనని మళ్లీ కుట్టింది. దొంగలు రారని దానర్థం కాదు. ఈ ఇనుమూ ఏదో ఒకరోజు గడ్డకడుతుంది. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

ఆ తర్వాత పొద్దున్నే మెట్లు దిగితే డార్సీ అరికాళ్లకి వెచ్చగానే తగులుతోంది. తలుపు వేసే ఉంటోంది. ఆ వెచ్చదనం ఆయనకేమీ బాగోలేదు.

ఒక ఆదివారం ఆయన పనిముట్లు తీసి ట్రక్కు దగ్గరికి బయల్దేరాడు. "ఇప్పటికైనా ఆ తాళం బాగు చేస్తా."

"ముట్టుకోకు," అంది రోండా.

అప్పటికే వెర్నా వెనక సందులో ఉంది. మెడలో తాళంచెవి ఊగుతుంటే ట్రక్కు తలుపు లాగి చూసింది. వచ్చింది. చంకలోని ఉన్ని దుప్పటి మడిచి సీటు మీద పెట్టింది.

"అమ్మా, ఎవడైనా ఎత్తుకుపోతాడు," అంది రోండా వెనకే వచ్చి.

"చలేస్తేనేగా ఎత్తుకుపోతాడు."

రోండా గబగబా ఇంట్లోకి వెళ్లింది. తిరిగొచ్చేటప్పుడు ఆవిడ చేతిలో ఇంకో దుప్పటి ఉంది.