సీలు వేసిన గేర్‌బాక్స్

"మీ అన్నను చంపినవాణ్ని నువ్వు చంపకూడదు. ఆ మాట ఇస్తేనే ఈ ఫైలు తెరుస్తాను," అన్నాడు చీఫ్.

తెరలు దించిన గది. బల్ల మీద చల్లారిన టీ, పక్కన ఒక కారు ఫొటో. ఎదురుగా కూర్చున్నవాడు మాట ఇవ్వలేదు. ఇవ్వనని కూడా అనలేదు. గూఢచారి డిపార్ట్‌మెంటులో అతని కోడ్ పేరు నత్త. ఆ పేరు పెట్టింది చీఫ్ కాదు, అన్న. కొండదారుల్లో ర్యాలీ కారును ఈల వేసినంత తేలిగ్గా ఉరికించే అన్నకు, పక్క వీధికి వెళ్లాలన్నా అద్దాలు సర్దుకుని, హారన్ మోగించి చూసుకుని మరీ బయలుదేరే తమ్ముడు నత్త కాక మరేమవుతాడు?

"మాటిస్తే నమ్ముతారా సార్?"

"నమ్మను. తప్పాక తిట్టడానికి నాకో ఆధారం ఉంటుంది."

నత్త తల ఊపాడు. చీఫ్ ఫైలు తెరిచాడు.

"జలాంతర్గాముల కోసం మన ల్యాబ్‌లో తయారైన మిశ్రలోహం. ఒక దిమ్మ మాయమైంది. ఈ ఫొటోలోని కారు తయారయ్యే ఫ్యాక్టరీలో చీఫ్ ఇంజినీరు దాన్ని గేర్‌బాక్స్ తొడుగుగా పోత పోశాడు. పైన రంగు కొడితే అన్ని తొడుగుల్లాంటిదే. దాన్ని ర్యాలీ కారుకు బిగించి విదేశానికి పంపుతున్నాడు. అక్కడ ఒక ముఠా కాచుకుని ఉంది."

"కస్టమ్స్‌లో విప్పి చూస్తే సరిపోదా?"

"విప్పడానికి వీల్లేదు. రేపు ఆ కారుకు హోమోలోగేషన్. పోటీకి దించే కారూ, షోరూములో జనం కొనుక్కునే కారూ పుట్టుకలో ఒకటేనని కారు పోటీల ప్రపంచ సమాఖ్య వాళ్లు వచ్చి ముద్ర వేస్తారు. ఇన్‌స్పెక్టర్ గేర్‌బాక్సులు తూచి, సీసం సీలు వేస్తాడు. పోటీ ముగిసేదాకా ఆ సీలు ఎవరు తెంపినా ఆమోదం రద్దవుతుంది. వెళ్లేవి మూడు కార్లు. మనం తప్పు కారు విప్పామో, ఫ్యాక్టరీ మూతపడుతుంది, దొంగ జారుకుంటాడు. ఏ కారో నువ్వు పట్టుకోవాలి. రేవులో దాన్ని అందుకునేదెవరో ఆ ఇంజినీరు నోటితోనే చెప్పాలి. అందుకే వాడు ప్రాణాలతో కావాలి."

"ఇందులో మా అన్న ఎక్కడ?"

చీఫ్ కళ్లద్దాలు తీసి తుడిచాడు. "టెస్ట్ డ్రైవర్ కదా. ప్రయోగానికి బిగించిన మొదటి తొడుగుతో నడిపి, గేర్‌బాక్స్ గొంతు మారిందన్నాడట. చెప్పింది ఆ ఇంజినీరుకే. మర్నాడు కొండ దిగుతుంటే బ్రేకులు పోయాయి."

నత్త బల్ల మీది కారు ఫొటోను బోర్లించాడు.

"లోపల మన మనిషి ఒకరున్నారు. 'వాన టైర్లు ఎండలో పెట్టారా' అని అడుగుతారు. 'నీడలోనే ఉన్నాయి' అను. ఇదిగో, టెక్నికల్ సెక్షన్ వాళ్ల కొత్త పెన్ను. ఆ లోహానికి తాకిస్తే వణుకుతుంది."

"రాస్తుందా?"

"అది వాళ్లని అడగలేదు."

*

మర్నాడు పొద్దున ఫ్యాక్టరీ గేటు దాటిన సమాఖ్య బృందంలో ఇన్‌స్పెక్టర్ వెనక ఒక నెరసిన గడ్డం అసిస్టెంటు నడుస్తున్నాడు. దళసరి కళ్లద్దాలు, చేతిలో త్రాసు పెట్టె. ఆవరణ నిండా షోరూములకు వెళ్లాల్సిన కార్లు వరసలు తీరి ఉన్నాయి. సీట్ల మీద ప్లాస్టిక్ కాగితం కూడా తీయలేదు. లోపలి షెడ్డులో మూడు ర్యాలీ కార్లు స్టాండ్ల మీద పొట్టలు తెరుచుకుని నిలబడ్డాయి. వాటి గేర్‌బాక్సులు బల్ల మీద గుడ్డ పరిచి పెట్టారు.

చీఫ్ ఇంజినీరును అక్కడ అందరూ డాక్టర్ అంటారు. ఇంజన్లకు స్టెతస్కోపు పెట్టి వింటాడు గనుక. తెల్లకోటు, సన్నని వేళ్లు, ఎవరితోనూ గొంతు పెంచని మర్యాద. గడ్డం మాటున ఉన్న నత్తకు అతన్ని చూడగానే చేతులు చల్లబడ్డాయి. ద్వేషం వేడిగా ఉంటుందని అనుకునేవాడు ఇన్నాళ్లూ.

డాక్టర్ పక్కన ఆమె ఉంది. ఎర్ర రేసింగ్ సూటు, మెడకు పట్టు స్కార్ఫు, నల్ల కళ్లద్దాలు. టీము నావిగేటర్. డాక్టర్ ఏదో అంటే అతని భుజం మీద చెయ్యి వేసి నవ్వింది. ఆ చేతికి అన్న కొనిచ్చిన గడియారం ఇంకా ఉంది.

వదిన.

అన్న పోయిన నెలకే ఇతని టీములో చేరిందని విన్నప్పుడు నత్త నమ్మలేదు. ఇద్దరినీ ఒకే కారులో చూశామని నలుగురూ చెప్పాక, ఆమె పేరెత్తితే భోజనం మీంచి లేచిపోయేవాడు. ఈ పగలో రెండో పేరు ఆమెదే.

పని మొదలైంది. నత్త జేబులోంచి పెన్ను తీసి మొదటి గేర్‌బాక్సుకు తాకించాడు. వణికింది. రెండోదానికి తాకించాడు. వణికింది. బల్లకు తాకించినా వణికింది. పక్క షెడ్డులో ప్రెస్సులు దబదబ కొడుతుంటే ఫ్యాక్టరీ నేలంతా వణుకుతోంది మరి. పెన్నును తిరిగి జేబులో పెట్టుకున్నాడు. అక్కడా వణికింది.

ఇన్‌స్పెక్టర్ ఆవరణలోకి వెళ్లి తనకు తోచిన ఒక కారును వేలు పెట్టి చూపించాడు. మెకానిక్కులు దాని గేర్‌బాక్స్ దింపి తెచ్చారు. త్రాసు మీద పెడితే కాగితంలో రాసిన బరువు కంటే కొంచెం ఎక్కువ తూగింది.

"పర్వాలేదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఆ మాత్రం తేడా నిబంధనల్లోనే ఉంది."

మొదటి ర్యాలీ కారుది కొంచెం తక్కువ. రెండోది పిసరు ఎక్కువ. మూడోది పెట్టగానే ముల్లు అటూ ఇటూ ఊగి, కాగితంలోని అంకె దగ్గర కుదురుగా నిలబడింది.

"చూశారా!" ఇన్‌స్పెక్టర్ చప్పట్లు కొట్టినంత పని చేశాడు. "ఇదీ పనితనమంటే! నా సర్వీసులో ఇంత కచ్చితంగా తూగింది చూడలేదు."

డాక్టర్ తల వంచి నవ్వాడు. ఆ నవ్వులో ఒక్క క్షణం నిజమైన గర్వం మెరిసింది. నత్త దాన్ని పట్టుకున్నాడు.

పోత పోసిన వస్తువు ఏదీ తన కొలతకు సరిగ్గా సరిపోదు. మట్టి అచ్చు తేమ, లోహం వేడి, ఆ పూట పనివాడి చెయ్యి, అన్నీ తలా కాస్త తేడా తెస్తాయి. పుట్టినదానికి పొరపాటు సహజం. సరిపోయేలా చేసినది మాత్రమే సరిపోతుంది. ఆ లోహం మామూలుదానికంటే బరువు. కాబట్టి లోపలి గోడలు తొలిచి పలచన చేసి ఉంటాడు. కాస్త అటో ఇటో వదిలేసి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. కానీ ఇంజినీరు కదా, తేడా వదలలేకపోయాడు.

సీళ్లు పడ్డాయి.

*

గేర్‌బాక్సులు బిగించేసరికి మధ్యాహ్నం దాటింది. నత్త టైర్ల గది గుమ్మంలో నిలబడి ఉండగా వెనకనుంచి పట్టు స్కార్ఫు రెపరెపలాడింది.

"ఏం మరిదిగారూ, గడ్డం కొత్తగా ఉందే?"

"ఎవరనుకుంటున్నారో మేడమ్..."

"నడక కూడా మార్చుకోవాల్సింది. ఎడమ చెప్పు ఈడ్చేది ఈ లోకంలో మీ అన్నదమ్ములిద్దరే."

నత్త చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. "మా అమ్మ నీ ఫొటో గోడమీంచి తీసేసింది."

"మంచి పని చేసింది. అందులో నేను బాగుండను." ఆమె నల్లద్దాలు తీసింది. కళ్ల కింద ఎన్నో రాత్రుల నలుపు. "వాన టైర్లు ఎండలో పెట్టారా?"

అతను గబుక్కున గుమ్మం బయటికి చూశాడు.

"జవాబు చెప్పవయ్యా. వాడు వస్తాడు."

"నీడలోనే ఉన్నాయి," అన్నాడు ఎలాగో. "ఎప్పట్నుంచి వదినా?"

"ఆయన పోయిన మర్నాటి నుంచీ. మీ చీఫ్ దగ్గరికి నేనే వెళ్లాను."

"నాకొక్క మాట చెప్పొచ్చుగా!"

"నీ మొహం అద్దాల బీరువా. లోపల ఏముందో వీధిలోవాళ్లకి కూడా కనిపిస్తుంది. నువ్వు నన్ను తిడితేనే వాడు నన్ను నమ్ముతాడు. బానే తిట్టావట, విన్నాలే."

నత్త తల దించుకున్నాడు. "మూడో కారు."

"తెలుసు. దాన్ని రేవుదాకా తనే నడుపుతానన్నాడు. పక్కన నేను."

"రేవులో చీఫ్ మనుషులున్నారు. అక్కడ పట్టుకుంటారు."

"ఊఁ." ఆమె అద్దాలు పెట్టుకుంది. "నువ్వు మాత్రం రేవు రోడ్డు ఎక్కకు. నీ స్పీడుకి ఓడ వెళ్లి తిరిగొచ్చేస్తుంది."

నవ్వుతూనే అంది. కానీ వెళ్తూ వెళ్తూ అతని భుజం ఒక్కసారి నొక్కి వదిలింది. ఎప్పుడూ అలా చెయ్యని మనిషి.

మూడో కారు గర్జిస్తూ గేటు దాటింది. నత్త ఖాళీ అయిన షెడ్డులోకి వెళ్లాడు. కారు నిలబడిన చోట, నాలుగు చక్రాల జాగాలోనూ, సిమెంటు నేల మీద తడి మెరుస్తోంది. వేలితో తాకి వాసన చూశాడు. బ్రేక్ నూనె.

అన్న కారు ప్రమాదం రిపోర్టులో ఒక వాక్యం ఉంది. నాలుగు బ్రేక్ గొట్టాల్లోంచీ నూనె కారిపోయి ఉంది.

మెకానిక్ నడుంకున్న వాకీటాకీ లాక్కుని, ఆవరణలో మొదట కనిపించిన షోరూము కారులో దూకాడు. అద్దాలు సర్దుకోలేదు.

*

రేవు రోడ్డు కొండను చుట్టుకుంటూ దిగుతుంది. ర్యాలీ కారులోని టీము రేడియో తెరిచే ఉన్నట్టుంది, రెండో మలుపులోనే వాకీటాకీలో డాక్టర్ గొంతు వినిపించింది. మర్యాద పోయిన గొంతు. "పెడల్ నేలకి పోతోంది! ఏంటిది?"

"కుడి నాలుగు. తర్వాత దిగుడు," అంటోంది వదిన. ర్యాలీలో నావిగేటర్ మలుపు ఎంత వంకరో అంకెల్లో చదువుతుంది, అంకె తగ్గిన కొద్దీ మలుపు బిగుస్తుంది. ఆమె పోటీలో చదివినట్టే చదువుతోంది. "చేతి బ్రేకు లాగకండి డాక్టర్‌గారూ, ర్యాలీ కారులో అదీ ఆ నూనె మీదే పనిచేస్తుంది. ఎడమ మూడు. ఆ రోజు ఈ మలుపు చదవడానికి ఆయన పక్కన నేను లేను."

"నీకు పిచ్చా? నువ్వూ చస్తావు!"

"అవును. కుడి రెండు, జాగ్రత్త."

డాక్టర్ వేగం తగ్గించడానికి గేరు ఒక్కసారిగా కిందికి దించాడు. రేడియోలో పెద్ద పగులు చప్పుడు. తను తొలిచిన పలచని గోడ ఆ దెబ్బకు ఆగలేదు. ఇప్పుడు గేర్లూ లేవు.

నత్త కాలు యాక్సిలరేటరు మీద ఉంది. ఎత్తితే చాలు, పగ తీరిపోతుంది. చీఫ్‌కు ఇచ్చింది మాట కూడా కాదు, తల ఊపడమే. కానీ తీరిపోయిన పగ ఎవరికి అందుతుంది? శిక్ష బతికున్నవాడి అనుభవం. చచ్చినవాడు ఏమీ ఎరగడు. అన్నిటికంటే ముందు, ఆ కారులో వదిన ఉంది.

ముందు కారు కొండ గోడను రాసుకుని నిప్పులు రాల్చింది. ఆ క్షణంలో లోపలి అంచున ఉన్న సందులో షోరూము కారును దూర్చి ముందుకు దాటాడు. సీట్ల ప్లాస్టిక్ గాలికి టపటపలాడింది. అద్దంలో ర్యాలీ కారు మూతి పెరుగుతోంది.

"డాక్టర్. నీ ముందున్న కారుకి బ్రేకులున్నాయి. నన్ను ఆనుకో, రెండూ ఆగుతాయి. ముందు పేరు చెప్పు. రేవులో సరుకు అందుకునేదెవరు?"

"ముందు ఆపు! తర్వాత చెప్తాను!"

"నన్ను నత్త అంటారు. నాకేం తొందర లేదు."

"మరిదీ, తప్పుకో!" వదిన గొంతు మొదటిసారి వణికింది.

"మలుపు చదువు వదినా."

ఒక్క ఊపిరి ఆగి, "ఎడమ రెండు," అంది ఆమె. "ఆ తర్వాత తిన్నగా సముద్రం."

"ఓడ కెప్టెన్!" అరిచాడు డాక్టర్. "ముఠా మనిషి కెప్టెనే! ఆపు!"

"మా అన్న బ్రేకులు?"

"నేనే! నా చేతులతో నేనే కోశాను! ఆపవయ్యా, దండం పెడతాను!"

ఆ చానెల్‌నే వింటున్న చీఫ్ రేవులో చెయ్యెత్తాడు. అతని మనుషులు ఓడ మెట్లెక్కారు.

నత్త వెనక కారును తన కారుకు తగలనిచ్చాడు. ఇనుము ఇనుమును కరిచింది. బ్రేకు మీద రెండు కాళ్లూ మోపాడు. టైర్లు కేకలు వేశాయి, పొగ కమ్మింది, రెండు కార్లూ ఒకటై రేవు గట్టు మీద ఈడ్చుకుపోయాయి. షోరూము కారు ముందు చక్రం గట్టు దాటి గాలిలో తిరుగుతూ ఆగిపోయింది.

వదిన దిగి వచ్చింది. నుదుటి మీద రక్తం. "ఎందుకాపావు?"

"వాడు చస్తే ఒక్కసారే. బతికితే ప్రతి పొద్దునా లేవగానే గుర్తు రావాలి, ఎవరికి దొరికిపోయాడో." అతను గడ్డం పీకి నీళ్లలోకి విసిరాడు. "పైగా నువ్వు పోతే ఇంట్లో నేనెవర్ని తిట్టాలి?"

ఆమె నవ్వబోయి ఏడ్చింది. చీఫ్ మనుషులు డాక్టర్‌ను కారులోంచి లాగారు. నత్త దగ్గరుండి నిలబెట్టాడు. అతని కళ్లలోకి చాలాసేపు చూశాడు. ఎంత చూసినా లోపలి పగ చల్లారలేదు. కుదుటపడింది, అంతే.

ఇన్‌స్పెక్టర్ ఫ్యాక్టరీ జీపులో వచ్చి చేరాడు. పగిలిన గేర్‌బాక్సును, వేలాడుతున్న సీసం సీలును, ఒకదానికొకటి అతుక్కుపోయిన రెండు కార్లను ఓపిగ్గా పరిశీలించాడు.

"దొంగ లోహం మీ ప్రభుత్వం చూసుకుంటుంది," అన్నాడు కలం మూత తీస్తూ. "సమాఖ్య తరఫున నాకు ఒక్కటే అభ్యంతరం. నిబంధన ప్రకారం పోటీ కారుకీ షోరూము కారుకీ బ్రేకులు ఒకేలా ఉండాలి."