మాట్లాడనోడే దొంగా?

ఫాయిజా చెప్పు ఒక్కటే దొరికింది.

రేవు దారి మొదట్లో, ప్రాణహిత నది ఇంకా కంటికి కనబడని మలుపులో. తొమ్మిదేళ్ల పిల్ల. దర్జీ బర్కత్ అలీ కూతురు. మధ్యాహ్నం నుంచి జాడ లేదు.

2004 జూన్. సాయంత్రం. సిరోంచ పోలీస్ స్టేషన్ ముందు సగం ఊరు చేరింది. లాకప్‌లో పడవ నడిపే సాంబన్న. పెదవి చిట్లింది. చొక్కా పీలికలైంది. రేవులో పట్టుకుని జనమే కొట్టి తెచ్చారు.

"ఆడే! ఇంకెవడు? ఒక్కనితోని మాట్లాడడు. ఒక్కడే ఉంటడు."

సాక్ష్యం అంతే. మాట్లాడడు. ఒక్కడే ఉంటాడు. గొంతున్నవాడు ఏం కూసినా నిజం. నోరు లేనివాడు ఊపిరి పీల్చినా అనుమానం. మన ఊళ్లు రాసుకున్న చట్టం ఇది. థూ!

పైగా ఫాయిజా రోజూ పోయి అతని పడవ పక్కన కూర్చునేది. ఆ పిల్లా మాట్లాడదు. ఇద్దరూ నీళ్లు చూస్తూ ఉండేవాళ్లు. నిన్నటిదాకా అది ఎవరికీ పట్టలేదు. ఇవాళ అదే నేరమైంది.

హవల్దార్ అజయ్‌కుమార్ లాఠీతో ఊచల మీద కొట్టాడు. "చెప్తవా, చెప్పవా? పొద్దుగూకిందంటే నిన్ను వీళ్లకే ఇడిచిపెడ్త."

సాంబన్న గోడ మూలకు జరిగాడు.

ఫౌజ్‌దార్ అరుణశ్రీ జీపు దిగింది. ఇక్కడ సబ్ ఇన్‌స్పెక్టర్‌ను ఫౌజ్‌దార్ అంటారు. వచ్చి రెండు నెలలు. అప్పుడే 'మూగ మేడం' అని పేరు పడింది. "ఫౌజ్‌దార్ అంటే గొంతుండాలె. నువ్వు లైబ్రరీల ఉండాల్సింది" అని పెద్ద సాహెబ్ అందరి ముందే అన్నాడు. ఆమె సెల్యూట్ కొట్టి పనిలో పడింది.

నేరుగా లాకప్‌లోకి వెళ్లింది. నేల మీద కూర్చుంది. సాంబన్నకు ఎదురుగా కాదు, పక్కన. ఒక్క ప్రశ్న అడగలేదు.

బయట రేకుల మీద రాయి పడింది. ఇంకోటి. సాంబన్న ముడుచుకుపోయాడు. ఆమె కదల్లేదు. పిల్ల ఎక్కడో ఉంది. బతికి ఉందో లేదో.

చాలాసేపటికి సాంబన్న పెదవి కదిలింది.

"పిల్ల ఇయ్యాల రాలే, అమ్మా. ఎదురుచూసిన."

ఆమె లేచి బయటికొచ్చింది.

మెట్ల మీద శంకరన్న. పెళ్లికీ పంచాయితీకీ ముందుండే మనిషి. ఈ మధ్యే పాత రైస్‌మిల్లు లీజుకు తీసుకున్నాడు, ఇంకా తెరవలేదని అందరికీ చెప్తాడు. బర్కత్ అలీ భుజం మీద చెయ్యేసి ఓదారుస్తున్నాడు.

"మేడం, నా కండ్లతోని చూసిన! మధ్యాహ్నం నేను అవుతలి ఒడ్డు నుంచి ఆని పడవల్నే వచ్చిన. పిల్ల ఆని పక్కన్నే నిలవడ్డది."

"లోపలికి రా. కూసో."

కూర్చున్నాడు. ఆమె ఎదురుగా కూర్చుని అతన్నే చూస్తోంది. మాట లేదు. ఫ్యాను కీచుమంటోంది.

"ఏంది మేడం? నమ్మరా?"

ఆమె చూపు తిప్పలేదు.

"పడవ దిగిన. ఇసుకల నడుసుకుంట వచ్చిన. నిప్పుల మీద నడిచినట్టే, అరికాళ్లు కాలిపోయినయ్. వెనుకకు మళ్లి చూస్తె పిల్ల ఆనితోని గుసగుస పెడ్తున్నది. పిలిచిన గూడ..."

గుమ్మం దగ్గర గొడవ. ముసలి రాజుబాయిని హవల్దార్ తోసేస్తున్నాడు.

"ఊకో అవ్వా, నీ లొల్లి తర్వాత!"

"ఏం ఊకుంట? ఆ పడవల నేనచ్చిన. ఒక్కడన్న నా మాట ఇంటడా?"

"రానియ్," అంది అరుణశ్రీ. "అవ్వా, కాళ్లకు గదేంది?"

"బురద! ఎగువ ఏడనో వాన కొట్టిందట. పొద్దుగాల్నే ఎర్రనీళ్లు దిగినయ్. ఇసుకంత మునిగింది. సాంబడు పడవను మీది ఒడ్డుకు కట్టిండు. అంత నల్లరేగడే. పిక్కల దాక దిగవడ్డ. చీర నాశనమాయె."

"శంకరన్న ఉన్నడా పడవల?"

"ఈయన ఉంటె మా చెవులు మిగులునా? మేం నిమ్మళంగ అచ్చినం, బిడ్డా."

ఎవరూ నవ్వలేదు. శంకరన్న కుర్చీలోంచి లేవబోయాడు.

"ఎండకాలం అంత ఇసుకలనే దిగుతం," అంది అరుణశ్రీ. "అలవాటు కొద్ది చెప్పినవ్. ఇయ్యాల ఆ ఇసుక నీళ్ల కింద ఉన్నది. నువ్వు నది మొఖమే చూడలే. పిల్ల చెప్పు పారేసి, నది కనబడని ఆ మలుపు కాడికెల్లే మళ్లినవ్."

సాంబన్నను ఈడ్చుకొచ్చినవాళ్లంతా ఆ నీళ్లు చూసినవాళ్లే. ఒక్కడికీ తట్టలేదు. అరిచేవాడికి ఏం తడుతుంది?

ఆమె లేచి అతని మెడ మీద చెమటకు అంటుకున్న ఊకను వేలితో తీసింది.

"మిల్లు బందున్నదంటివి. ఈ ఊక ఎక్కడిది?"

అప్పుడు మూశాడు శంకరన్న నోరు.

మిల్లు తాళం పగలగొట్టారు. ఊక గది. కప్పు దాకా పాత కుప్ప. ఒక మూల తవ్వితే టేకు చెక్కలు. అడవి నుంచి దొంగతనంగా తెచ్చినవి. పిల్ల వాటిని చూసింది. అదీ ఆ పిల్ల చేసిన తప్పు.

"ఏడ పెట్టినవురా?" హవల్దార్ అతని కాలర్ పట్టాడు. శంకరన్న పలకలేదు. దొరికితే పిల్ల నోరే సాక్ష్యం మరి.

జనం లోపలికి తోసుకొచ్చారు. "ఫాయిజా! ఫాయిజా!" పారలు, విజిల్, ఏడుపులు. ఊక దుమ్ముకు ఊపిరాడటం లేదు. ఎక్కడ తవ్వినా పైనుంచి కుప్ప జారుతోంది. కింద పిల్ల ఉంటే?

"నోర్ముయ్యండి!"

అరుణశ్రీ అరిచింది. ఆ గొంతు ఎవరూ వినలేదింతవరకు. అందరూ రాళ్లయ్యారు. బర్కత్ అలీ రెండు చేతులతో తన నోరు తానే నొక్కుకున్నాడు.

ఆమె మోకాళ్ల మీద వంగి చెక్కకు చెవి ఆనించింది.

ఏమీ లేదు.

ఏమీ లేదు.

గర్ర్... చెక్క మీద గోరు గీకినట్టు. ఆగింది. మళ్లీ.

చేతులతోనే తవ్వారు. చెక్కల సందులో ఫాయిజా. చేతులు కట్టేసి ఉన్నాయి. నోట్లో గుడ్డ. గోళ్ల నుంచి నెత్తురు. బర్కత్ అలీ గుడ్డ లాగేశాడు.

పిల్ల ఏడవలేదు. తండ్రి భుజం మీదుగా గుమ్మం వైపు చూసి, గుసగుసగా అడిగింది.

"అబ్బాజాన్... నన్ను కట్టేసినోడు పోయిండా?"