సొద జల్లెడ

అంగారకుడి మీది కాలనీలో ఎవరూ ఎవరినీ "ఒంట్లో ఎలా ఉంది?" అని అడగరు. ఆ పాటి పనికి కూడా యంత్రం పెట్టుకున్నారు మహానుభావులు. దాని పేరు దేహవాణి. మణికట్టు చర్మం కింద బియ్యపుగింజంత చిప్. ఒంట్లో ఏ తేడా వచ్చినా, అన్నీ నమోదయ్యే ఆస్పత్రి లాగ్‌కి సందేశం పంపుతుంది. ప్రతి సందేశానికీ ఒక ప్రాధాన్యం వేస్తుంది: అత్యవసరం, హెచ్చరిక, సమాచారం, సొద. లాగ్ గదిలోని జల్లెడ ప్రోగ్రామ్ మొదటి రెండింటినే డాక్టర్లకు వదులుతుంది. మిగతావి ఓ మూల పడి ఉంటాయి.

ఆ జల్లెడ మీద మండిపడుతూ వచ్చాడు వీరభద్రం, దేహవాణిని తయారుచేసిన ఇంజనీరు. అతని భార్య రత్నమాలకు అపెండిక్స్ పగిలి అప్పుడే ఆపరేషన్ అయింది. గండం ఇంకా గడవలేదన్నారు.

"వారం నుంచీ నొప్పి పడుతోందట! ఒక్క సందేశం డాక్టరుకి చేరలేదు. మీ జల్లెడ మింగేసింది. మనుషులేనా మీరు?"

లాగ్ అధికారి రెహానా తెర అతనివైపు తిప్పింది. "అన్నీ వచ్చాయి సార్, సొద కింద. ఆ ముద్ర వేసింది జల్లెడ కాదు, మీ దేహవాణి."

వీరభద్రం మైకు లాక్కున్నాడు. "దేహవాణీ! పగలబోయే అపెండిక్స్ సొదా? ఎవరు నేర్పారు నీకు?"

"మీ ఇల్లే. బాధ అన్నప్పుడు ఇంట్లోవాళ్లు ఎంత త్వరగా లేస్తే అంత పెద్ద ప్రాధాన్యం. మీరు రాసిన సూత్రమే. మీకు జలుబు చేస్తే ఆవిడ స్టవ్ ఆపేసి పరిగెత్తుకొచ్చేవారు. కాబట్టి మీ జలుబు అత్యవసరం. ఆవిడ నొప్పి అన్నప్పుడు ఎవరూ లేవలేదు."

"నొప్పని మా ఆవిడ కాస్త గట్టిగా చెప్పి ఏడవొచ్చుగా," అని గొణిగాడు వీరభద్రం. ఇంత చదువూ చదివి ఆ మాట! వింటే ఒళ్లు మండదూ?

రత్నమాలకు తెలివి వచ్చిందని కబురొస్తే వార్డుకి వెళ్లాడు. రెహానా ఈలోగా జల్లెడ పూర్తిగా ఎత్తేసింది. కాసేపటికి తెర మీద కొత్త సందేశం పడింది: రత్నమాల, కుట్ల దగ్గర రక్తస్రావం. ప్రాధాన్యం, సొద.

రెహానా గబగబా వార్డు కెమెరా తెరిచింది.

"ఏవండీ, కుట్ల దగ్గర తడితడిగా ఉంది. కళ్లు తిరుగుతున్నాయి," అంటోంది రత్నమాల.

"ఆపరేషనన్నాక అలాగే ఉంటుందిలే. పడుకో," అన్నాడు వీరభద్రం, కుర్చీలోంచి కదలకుండా.

రెహానా డాక్టరు గంట నొక్కి, వార్డు మైకు నోటి దగ్గరికి లాక్కుని, వార్డంతా దద్దరిల్లేలా అరిచింది.

"లేవయ్యా! ముందు నువ్వు లే!"