చీపురుకు చిక్కని చుక్కలు

గిలక్కాయ నోరు మూతపడడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. నిద్రలో కూడా ఆ పిల్ల ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంటుంది. అందుకే అసలు పేరు స్కూలు రిజిస్టర్లోనే ఉండిపోయి, ఈ పేరు వీధంతా పాకిపోయింది. అలాంటి గిలక్కాయ ఆ మధ్యాహ్నం నాన్న పనిబల్ల ముందు మాట లేకుండా నిలబడిపోయింది.

నాన్న బీపీ మెషీన్లు బాగుచేస్తాడు. ఇంటి ముందుగదే షాపు. బాగైన మెషీన్‌ను క్లినిక్‌లో ఇచ్చి రావడానికి వెళ్తూ, "బల్ల మీద పాతది ఉంది. దాని జోలికి వెళ్ళకు" అని రెండుసార్లు చెప్పాడు. ఒక్కసారే చెప్పి ఉంటే మరిచిపోయేదేమో. రెండోసారి చెప్పేసరికి వేళ్ళు దురద పెట్టాయి.

పాత మెషీన్‌ను ఇలా వంచిందో లేదో, పగిలిన గాజుగొట్టంలోంచి వెండిలాంటిదేదో జారి పక్కనున్న స్టీలు గిన్నెలో పడింది. నీళ్ళలా పారుతోంది, కానీ తడి లేదు. గిన్నె కదిపితే ప్రాణమున్నదానిలా అటూ ఇటూ పరుగెడుతోంది.

గిలక్కాయ అందులో ఒక ఇనుప నట్టు వేసింది. మునగలేదు. బెండులా తేలింది!

ఇనుము తేలడమేమిటి! వంగి చూసింది. ఆ చిన్న మడుగులో కిటికీ ఉంది. కిటికీలో ఆకాశం ఉంది. ఆకాశానికి అడ్డంగా తన ముక్కు ఉంది.

ఇంకా దగ్గరగా చూద్దామని గిన్నె ఎత్తింది. అంత కాస్తదానికి అంత బరువేమిటి! చెయ్యి జారింది.

నేల మీద పడగానే ఒక్క మడుగు వందల గింజలైంది. చీపురు తెచ్చి ఊడ్చింది. ఒకటి రెండైంది, రెండు పదయ్యాయి. బండల సందుల్లోకి దూరిపోయాయి. కనబడేవన్నీ బీరువా కిందికి తోసేసి, "హమ్మయ్య" అనుకుంది.

అప్పుడే నానమ్మ చంకలో చాపతో వచ్చింది. ఎండవేళ బీరువా పక్కన బండ చల్లగా ఉంటుందని ఆమె అక్కడే పడుకుంటుంది.

"కాస్త తప్పుకోవే, నడుం వాలుస్తాను."

చెబితే నాన్న చేత తిట్లు. చెప్పకపోతే నానమ్మ ముఖం ఆ గింజల పక్కనే. గిలక్కాయ చేతులు చాపి అడ్డంగా నిలబడింది.

"అక్కడ వద్దు నానమ్మా! నాన్న ముట్టుకోవద్దన్నది నేను ఒలకబోశాను. బీరువా కిందికి తోసేశాను."

"అయ్యో, పాదరసమా! దాన్ని చీపురుతో పట్టడమూ, నీ నోరు మూయించడమూ ఒకటేనే!"

అంటూనే నానమ్మ ఫ్యాన్ ఆపింది. కిటికీలు బార్లా తెరిచింది. మనవరాలి చెప్పులు గుమ్మం దగ్గరే విడిపించి, గది తలుపు మూసేసింది. చేతులు సబ్బుతో రెండుసార్లు కడిగించింది.

నాన్న వచ్చేసరికి పొద్దు వాలింది. జరిగింది విని ముఖం ఎర్రబడింది గానీ తిట్టలేదు. వేలి ఉంగరం తీసి నానమ్మ చేతిలో పెట్టాడు.

"ఉంగరం ఎందుకు నాన్నా?"

"బంగారం తగిలితే అది అంటుకుపోతుంది. తెల్లగా మార్చేస్తుంది. నువ్వు లోపలికి రాకు, బయటినుంచే చూడు."

మాస్కు, గ్లవుజులు వేసుకుని లోపలికెళ్ళి టార్చి వెలిగించి నేల మీద పడుకోబెట్టాడు.

మసక గదిలో నేలంతా ఒక్కసారి మెరిసింది. బీరువా కింద, బల్ల కాళ్ళ దగ్గర, బండల సందుల్లో చుక్కలే చుక్కలు. ఆకాశాన్ని తెచ్చి నేల మీద ఆరబోసినట్టుంది.

"ఇన్నిటిని నేనే చేశానా?" గిలక్కాయ గొంతు గుసగుసలా వచ్చింది.

"ఊ. వీటినుంచి కంటికి కనబడని ఆవిరి వస్తుంది. ఊపిరిలో చేరుతుంది. అందుకే ఒక్కటీ వదలకూడదు."

నాన్న అట్టముక్కతో గింజల్ని మెల్లగా కూడదీసి సీసాలోకి ఎక్కించాడు. నలుసుల్ని టేపుతో అంటించి తీశాడు. చీపురూ, చెప్పులూ కూడా మందపాటి కవర్లోకి వెళ్ళాయి.

"సింకులో పోసేస్తే పోయేది కదా?"

"పోదమ్మా. కాలవలోకి, ఏట్లోకి, చేపలోకి వెళ్ళి మళ్ళీ మన కంచంలోకే వస్తుంది."

మర్నాడు ఇద్దరూ ఆ సీసా, కవరూ పట్టుకుని ప్రమాదకరమైన చెత్త తీసుకునే కేంద్రానికి వెళ్ళారు. అక్కడి అక్క సీసా అందుకుని, నేల మీదున్న ఇనుప సీసాను చూపించింది. మంచినీళ్ళ బాటిలంతే ఉంది.

"ఎత్తు చూద్దాం."

గిలక్కాయ రెండు చేతులా పట్టి లాగింది. కదిలితేగా!

"అంతా ఇళ్ళనుంచీ, షాపులనుంచీ వచ్చిందే. చుక్కా చుక్కా కూడింది. ట్యూబ్‌లైట్లలో కూడా ఆవగింజలో సగమంత ఉంటుంది. వాటికి అదిగో, వేరే పెట్టె."

"ఇది ఎప్పటికి పాడవుతుందక్కా?"

"పాడవదు. నువ్వు ముసలిదానివైనా ఇది ఇలాగే ఉంటుంది. అందుకే మూత బిగించి కాపలా కాస్తాం."

ఇంటిదారిలో గిలక్కాయ ఒక్క మాటా మాట్లాడలేదు. నాన్న కంగారుపడి నుదురు పట్టి చూశాడు.

వీధి మలుపులో టైలరత్త చెత్తకుండీ ముందు నిలబడి, కాలిపోయిన ట్యూబ్‌లైట్‌ను మోకాలికి ఆనించి విరగ్గొట్టబోతోంది.

"అత్తా, ఆగు!" గిలక్కాయ పరుగెత్తింది. "విరిచావంటే అందులోది గాల్లోకి వచ్చేస్తుంది. కాస్తే ఉంటుంది. కానీ ఎప్పటికీ ఉంటుంది!"

అత్త తెల్లబోయి ట్యూబ్‌ను దింపింది. "మరి దీన్నేం చెయ్యమంటావే?"

"దీనికి ఒక పెట్టె ఉంది. నేను చూపిస్తాగా. ఆ కొస నువ్వు పట్టుకో."

నాన్న మళ్ళీ కేంద్రం వైపు తిరిగాడు. నిద్రపోతున్న పసిపాపను మోసినట్టు అత్తా, గిలక్కాయా ఆ ట్యూబ్‌ను రోడ్డు దాటిస్తుంటే స్కూటర్లు హారన్లు కొట్టాయి.

గిలక్కాయ ఖాళీ చెయ్యి పైకెత్తి, "ఆగండి, ఆగండి! అంత తొందరేం లేదు!" అని అరిచింది.